అంచు మీది పేరు

ఇస్సాక్‌కి కోపం రాదని రియాద్ పాత సనాయియా కార్ఖానాల పేటలో పేరు. మిషన్ కాగితాన్ని నమిలి ఉమ్మేసినా, ముదీర్ గారు, అంటే మేనేజరు, అద్దాల గదిలోంచి అరబ్బీలో అమ్మనా బూతులు తిట్టినా, అతను సిరా చేతుల్ని గుడ్డకి తుడుచుకుంటూ "అలాగే లెండి" అనేవాడు. పాపం మంచోడు అనేవాళ్ళు అందరూ. మంచితనమా, పాడా! కోపం మింగడం వాళ్ళ ఇంట్లో మూడు తరాలుగా వస్తున్న విద్య. అచ్చు పని నేర్పినవాళ్ళే అదీ నేర్పారు. యాభై మూడేళ్ళు మింగిందంతా 2006 మార్చిలో ఒక మంగళవారం పట్టపగలు బయటికొచ్చింది. ఎందుకొచ్చిందో వినండి. విన్నాక, రాకుండా ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

ఇస్సాక్ ఆ ప్రెస్సులో పన్నెండేళ్ళుగా ఆఫ్‌సెట్ మిషన్ మీద పనిచేస్తున్నాడు. హోటళ్ళ మెనూ కార్డులు, క్యాలెండర్లు, మందుల డబ్బాల అట్టలు, ఏవి వస్తే అవి అచ్చు వేసేవాళ్ళు. అతని పైన ఫోర్‌మన్ మస్తాన్ వలీ, నరసరావుపేట వైపు మనిషి. వాళ్ళిద్దరే అక్కడ తెలుగువాళ్ళు. అందుకే రియాద్‌లో ఎవరికి తెలుగులో ఏది అచ్చు కావాలన్నా ఆ ప్రెస్సుకే వచ్చేవాళ్ళు. విశ్వనాథం గారు కూడా అలాగే వచ్చారు.

విశ్వనాథం గారు పెద్ద కంపెనీలో పెద్ద ఇంజనీరు. తెలుగువాళ్ళ సంఘంలో ఆయన మాటే మాట. వాళ్ళ తాతగారి మీద ఒక పుస్తకం రాసి, పేజీలన్నీ విజయవాడలో కట్టించి సీడీలో పెట్టుకొచ్చారు. మూడు వందల కాపీలు, శుక్రవారానికల్లా కావాలి. వాళ్ళమ్మ గారు విజిట్ వీసా మీద వచ్చి ఉన్నారట, ఆవిడ చేతుల మీదుగా ఊరి బయట ఇస్తిరాహాలో, అదే, విందులకి అద్దెకిచ్చే తోటలో, పుస్తకాన్ని బయటపెడతారట.

"నీదే ఊరోయ్?" అని అడిగారు ఇస్సాక్‌ని.

"బందరండీ."

"హారి! మన బందరోడివేనా!" అంటూ ఆయన చెయ్యి చాచారు. "ఏ పేట?"

ఆ మాట పేట తెలుసుకోవడానికి అడిగేది కాదు. నీ కులమేంటి అని అడగడానికి మొహమాటపడే మర్యాదస్తులు కనిపెట్టిన మాట అది. ఎడారి దాటి ఇంత దూరం వచ్చినా ఆ మాట మాత్రం వెంటే వచ్చింది, సూట్‌కేసులో ఆవకాయ సీసాలాగా.

"చర్చి వెనకాల పల్లెండీ."

చాచిన చెయ్యి దారి మార్చుకుని జేబులోకి పోయి సెల్‌ఫోన్ తీసింది. "ఓహో. సరే, సరే. మంచిది. పని మాత్రం శుభ్రంగా ఉండాలోయ్," అన్నారాయన.

"అలాగే లెండి," అన్నాడు ఇస్సాక్. ఆ రోజుకి అదీ మింగేశాడు.

మర్నాడు ప్రూఫు కాగితాలు చేతికొచ్చాయి. పుస్తకం పేరు 'అచ్చుకూటం నుంచి యుద్ధభూమికి'. మిషన్ మీద పనివాడికి చదవాల్సిన అవసరం లేదు, సిరా సమంగా పడిందో లేదో చూసుకుంటే చాలు. కానీ ఇస్సాక్ వేళ్ళకంటే ముందు కళ్ళు పనిచేసే మనిషి. మొదటి పేజీలోనే ఆగిపోయాడు.

'1916లో శ్రీ వెంకటాచలం గారు అచ్చుకూటాన్ని విడిచి, చక్రవర్తి సైన్యంలో చేరి, ఓడలో బస్రాకు వెళ్ళారు. అక్కడ గుండ్ల వాన మధ్య సైన్యానికి కావలసిన పటాలు అచ్చొత్తారు. ఆ ఎండకు సిరా నూనెలా కారిపోతుంటే, రాతి పలక చుట్టూ తడి కంబళ్ళు వేలాడదీసి, ఆ నీడలో పని చేశారు.'

తడి కంబళ్ళు! ఇస్సాక్ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఆ కంబళ్ళు అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అతని తాత దేవసహాయం చెప్పిన కథ అది. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కే లేదు. రాతి పలకని పడవలో ఎలా మోశారో, ఈగలు సిరాలో పడి పటం మీద లేని ఊళ్ళు ఎలా వెలిశాయో, తెల్ల దొర ఆ ఈగ ఊరికి గుర్రం మీద పోబోయి ఎలా తిట్టాడో, అన్నీ చెప్పేవాడు. దేవసహాయం మిషనరీల బళ్ళో చదువుకుని, వెంకటాచలం గారి ప్రెస్సులో కంపోజిటర్‌గా కుదిరాడు. సీసపు అక్షరాల్ని గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి తిరగేసి పేర్చడం ఆయన పని. యుద్ధం రోజుల్లో సైన్యంలో ఇంజనీరింగు పనులు చేసే మద్రాసు సాపర్లతో బస్రా వెళ్ళాననీ, మూడేళ్ళు ఉండి వచ్చాననీ, రాజుగారు వెండి పతకం ఇచ్చారనీ చెప్పుకునేవాడు.

మరి ఆ పతకం ఏది? అదీ ప్రశ్న.

ఇస్సాక్ తొమ్మిదేళ్ళ వాడప్పుడు చైనాతో యుద్ధం వచ్చింది. బళ్ళో మాస్టారు, "ఎవరింట్లోనైనా సైన్యంలో పనిచేసినవాళ్ళున్నారా?" అని అడిగాడు. ఇస్సాక్ ఛాతీ విరుచుకుని లేచాడు. "మా తాత, సార్. పతకం కూడా ఇచ్చారు, సార్." మాస్టారు పగలబడి నవ్వాడు. "ఆ పతకం వెంకటాచలం గారిదిరా వెధవా! ప్రతి ఆగస్టు పదిహేనుకీ కోటుకి పెట్టుకొస్తారు, ఊరంతా చూస్తుంది. మీ తాతకెప్పుడొచ్చిందీ?" అని ఆ పూటంతా గోడకుర్చీ వేయించాడు. తొడలు వణికి కింద పడితే మళ్ళీ వేయించాడు.

ఇంటికెళ్ళి తాతని నిలదీశాడు. "పతకం ఏది తాతా?"

"ఉందిరా."

"ఎక్కడ?"

"ఉంది."

అంతే. ఆ ముసలాయన నోట ఇంకో ముక్క రాలేదు. "నువ్వు అబద్ధాలకోరువి," అన్నాడు మనవడు ఆయన మొహం మీదే. దేవసహాయం దాన్నీ మింగేశాడు. మూడేళ్ళ తర్వాత పోయాడు. ఇస్సాక్ మాత్రం ఆ మాట మీదే ఉండిపోయాడు. తన పిల్లలకి బస్రా కథ ఒక్కసారి కూడా చెప్పలేదు. మా తాత కోతల రాయుడు, ఆ కోతలకి నేను గోడకుర్చీ వేశాను అనుకున్నాడు, నలభై మూడేళ్ళు.

ఇప్పుడా కోతలే వెంకటాచలం గారి పేరుతో, అందమైన అక్షరాల్లో అచ్చుకొచ్చాయి. అబద్ధం దొంగిలించేవాడు ఎవడైనా ఉంటాడా? దొంగిలించారంటే అది నిజమై ఉండాలి. అయినా గోడకుర్చీ గుర్తొచ్చి ఇస్సాక్ నోరు మూసుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం విశ్వనాథం గారి డ్రైవరు మఖమల్ డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. "పతకం బొమ్మ కూడా పుస్తకంలో వెయ్యాలంట. స్కానర్ మీద పెట్టి తీయి," అన్నాడు మస్తాన్ వలీ.

వెండి పతకం. ఒక వైపు రాజుగారి తల, రెండో వైపు గుర్రం మీద దిసమొల మగాడు. రెండు వైపులా తీశాక ఇస్సాక్ దాన్ని అంచు పట్టుకుని పైకెత్తాడు. సీసపు అక్షరాలతో పెరిగినవాడి బొటనవేలు ఊరుకోదు, దేన్ని పట్టుకున్నా తడుముతుంది. అంచు నున్నగా లేదు. ఏవో గుంటలు తగిలాయి. మసితో పూడుకుపోయి కంటికి ఆనడం లేదు. ఆ ఇంట్లో ఎనభై ఏళ్ళుగా దాన్ని కోటుకి పెట్టుకున్నారు, గోడకి పెట్టుకున్నారు, వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఒక్కడు అంచు కేసి చూడలేదు. చూసే అలవాటుండేది పనివాడికి గానీ యజమానికెందుకుంటుంది?

ఇస్సాక్ వేలితో కాస్త నల్ల సిరా తీసి అంచు చుట్టూ పల్చగా రాశాడు. తెల్ల కాగితం మీద పతకాన్ని చక్రంలా దొర్లించాడు. నల్లటి సన్నని పట్టీ పడింది, అందులో తెల్లగా ఇంగ్లీషు అక్షరాలు, తిరగబడి. తిరగబడ్డవి చదవడం అతనికి మంచినీళ్ళు తాగినంత పని, తాతే నేర్పాడు. ఒక నంబరు. తర్వాత సాపర్ అనే హోదా. తర్వాత, దేవసహాయం. తర్వాత పటాలం గుర్తు.

చేతికందిన స్పానర్ వెళ్ళి అద్దాల గది గోడకి తగిలింది.

"దొంగ నా కొడుకులు!" అని అరిచాడు ఇస్సాక్. "దొంగ నా కొడుకుల్లారా! మా తాతదిరా! మా తాతదే!" పన్నెండేళ్ళలో ఎవరూ వినని గొంతు అది. బంగ్లాదేశీ కుర్రాళ్ళు మిషన్లు ఆపేశారు. ముదీర్ తలుపు తీసి చూసి మళ్ళీ వేసుకున్నాడు. ఇస్సాక్ నేల మీద కూర్చుని తల బాదుకున్నాడు. వెంకటాచలం మీద ఎంత కోపమో తన మీద తనకి అంతకు రెట్టింపు. అబద్ధాలకోరువి అన్నాడే! సొంత తాతని, ఆ మొహం మీద!

మస్తాన్ వలీ పరుగున వచ్చి భుజాలు పట్టుకున్నాడు. "ఏందయ్యా ఇది? ఏమైందో చెప్పు ముందు."

ఇస్సాక్ కాగితం చూపించి అంతా చెప్పాడు. మస్తాన్ వలీ వినీ విని గడ్డం గోక్కున్నాడు. "సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే గందా. సరే గానీ భాయ్, ఆ పతకం మాత్రం దగ్గర పెట్టుకోమాక. దొంగతనం కేసు పెడితే ఈ దేశంలో ఏమైద్దో తెలుసుగా."

"దొంగతనమా? నేనా?" అని ఇస్సాక్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే ఏడుపే నయమనిపించేది. పతకాన్ని నూనె గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టాడు. తాత పేరున్న వెండిని దొంగ చేతికి తిరిగివ్వడానికి మనవడే శుభ్రం చేయాల్సి వచ్చింది, చూడండి!

బుధవారం సాయంత్రం ప్రూఫు మీద సంతకం కోసం మలజ్‌లో విశ్వనాథం గారి ఫ్లాట్‌కి వెళ్ళాడు. పార్టీ సంతకం పెట్టకుండా ప్లేటు, అంటే అచ్చుపడే రేకు, మిషన్ ఎక్కకూడదు, అది ప్రెస్సు రివాజు. హాల్లో సోఫా మీద ఆయన తల్లి బాలామణి గారు కూర్చుని ఉన్నారు. డెబ్భై ఎనిమిదేళ్ళ సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. ఇస్సాక్ నిలబడే విశ్వనాథం గారికి డబ్బా ఇచ్చాడు, నల్ల పట్టీ కాగితం ఇచ్చాడు.

"పతకం అంచు మీద ఉన్న పేరండి ఇది. దేవసహాయం. మా తాత. మీ ప్రెస్సులో కంపోజిటర్. యుద్ధానికెళ్ళింది ఆయనండి, మీ తాతగారు కాదు. పుస్తకంలో పేరు మార్చాలండి."

విశ్వనాథం గారు కాగితం చూశారు, పతకం అంచు చూశారు. తేలు కుట్టిన దొంగలా డబ్బా మూత మూసేశారు. తర్వాత తేరుకున్నారు. "ఏ గుమాస్తానో చేసిన పొరపాటోయ్ ఇది."

"వెండి మీద చెక్కారండీ పొరపాటు?"

"చూడు ఇస్సాక్. ఆ రోజుల్లో కలెక్టరు ఊళ్ళో పెద్దలందరినీ మనుషుల్ని ఇమ్మని అడిగాడు. మా తాతగారు తన తరఫున మీ తాతని పంపారేమో. కాదనను. కానీ ప్రెస్సు ఎవరిది? పని నేర్పిందెవరు? పంపిందెవరు? ఆ మాటకొస్తే ఆయన వెళ్ళినట్టే."

"మీ తరఫున నేను అన్నం తింటే మీ కడుపు నిండుద్దా అండీ?"

ఆయన మొహం ఎర్రబడింది. మర్యాద కొద్దీ గొంతు తగ్గించారు. "పోనీ ఒక పని చేద్దాం. ఆఖరి పేజీలో ఒక లైను వేద్దాం. 'నమ్మిన బంటు దేవసహాయానికి కృతజ్ఞతలు' అని. సంతోషమేనా?"

నమ్మిన బంటు! ఇస్సాక్ అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచే లోపు ఫోన్ మోగింది, ఆయన లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

"నువ్వు దేవసహాయం మనవడివా?" అన్నారు బాలామణి గారు మెల్లగా. "అదే ముక్కు."

"మీకు తెలుసాండీ ఆయన?"

"తెలియకేం. నేను కాపరానికొచ్చాక ఇరవై ఏళ్ళ పైన చూశాను. మా మామగారు బందరు దాటి ఎరగరు నాయనా. నీళ్ళంటే భయం. గుడివాడ కాలవలో పడవెక్కినా వాంతులే ఆయనకి. ఇంక బస్రా ఎక్కడ!" ఆవిడ లోపలి గది కేసి ఓసారి చూశారు. "పతకం పోస్టులో ప్రెస్సు అడ్రసుకొచ్చిందిట. మీ తాతకి వేరే అడ్రసేదీ? మామగారు విప్పి, కోటుకి పెట్టుకుని కలెక్టరు గారి విందుకి వెళ్ళారు. ఇంక తీసిందే లేదు. మీ తాత అడిగితే, 'నీ పాకలో ఎక్కడ పెడతావురా, పోతుంది' అన్నారుట. నేనూ ఓసారి అడిగాను, చిన్నతనం కదా. 'యజమాని ప్రెస్సు, యజమాని మనిషి, యజమాని పతకం' అన్నారు."

ఆవిడ కళ్ళజోడు కొంగుతో తుడుచుకున్నారు.

"ఇంకోటుంది. ఆ మరుసటేడు ప్రెస్సుకి పదేళ్ళు నిండాయని మామగారు చిన్న పుస్తకం వేశారు. తనే యుద్ధానికి వెళ్ళినట్టు రాసుకున్నారు. మావాడు రాసిందంతా అందులోంచి తీసిందే. ఆ పుస్తకం కంపోజు చేసిందెవరనుకున్నావు? మీ తాతే. మూడు రోజులు తలెత్తకుండా కూర్చున్నాడనీ, ఒక్క అక్షరం తప్పు పోలేదనీ మా అత్తగారు చెప్పేవారు."

"ఎందుకమ్మా? ఎందుకు కట్టాడు?"

"కంపోజిటర్ కదా నాయనా. కాపీలో ఉన్నది కట్టాడు."

ఆ రివాజు ఇస్సాక్‌కీ తెలుసు. కాపీ అంటే అచ్చుకి రాసిచ్చిన కాగితం. రాసినవాడి తప్పు రాసినవాడిది, కంపోజిటర్ కామా కూడా మార్చకూడదు. తాత నేర్పిన మొదటి పాఠమే అది. ఆ పాఠం చెప్పిన ముసలాయన తన మూడేళ్ళ ప్రాణాన్ని, తన వేళ్ళతోనే, అక్షరం అక్షరం ఏరి ఇంకొకడి పేరున పేర్చాడన్నమాట. థూ, ఏం రివాజిది! ఎవడికోసం పెట్టారు దీన్ని?

"మరి మీరెందుకు చెప్పలేదమ్మా?"

"పధ్నాలుగేళ్ళకి ఆ ఇంటికొచ్చాను. ఎవరితో చెప్పను?"

"ఇప్పుడు డెబ్భై ఎనిమిది కదమ్మా."

ఆవిడ ఏదో అనబోయారు. కొడుకు బయటికొచ్చాడు. ఇస్సాక్ ఎదురు చూశాడు. ఇప్పుడైనా చెబుతుందని, ఒక్క మాటైనా అంటుందని. ఆవిడ టీ కప్పులు సర్దారు.

విశ్వనాథం గారు ప్రూఫు తీసుకుని ప్రతి పేజీ మీదా సంతకం గీశారు. "ఆ కృతజ్ఞతల లైను కూడా అక్కర్లేదులే. ఉన్నది ఉన్నట్టు వెయ్యండి. ఏదైనా తేడా వచ్చిందా, మీ ముదీర్‌తో మాట్లాడతాను. నీకు ఖురూజ్ కొట్టించడం నాకు ఒక్క ఫోన్ పని." ఖురూజ్ అంటే మళ్ళీ రాకుండా ఇంటికి పంపేసే ముద్ర. అది పడిందంటే ఇక్కడి బతుకు అయిపోయినట్టే.

గురువారం పొద్దున ప్లేట్లు సిద్ధమయ్యాయి. ఇస్సాక్ వాటిని బల్ల మీద పరిచి చూశాడు. తాత పేరు ఎక్కించాలంటే కొత్త ప్లేట్లు కావాలి, వాటికి పార్టీ సంతకం కావాలి. ప్లేటు మీద కొత్తగా రాయడం కుదరదు. చెరపడం మాత్రం కుదురుతుంది. దానికో మందుంటుంది, బ్రష్షుతో తాకిస్తే ఆ చోట ఇంక సిరా పట్టదు.

మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. ప్రెస్సులో మిషన్లన్నీ ఆగాయి.

"నమాజుకెళ్ళి రా భాయ్," అన్నాడు ఇస్సాక్. "తొందరేం లేదు, నిదానంగా రా."

మస్తాన్ వలీ బల్ల మీది ప్లేట్లు చూశాడు, ఇస్సాక్ చేతిలోని సీసా చూశాడు. "నీ కొంప నువ్వే కూల్చుకుంటన్నావు, ఇస్సాకూ."

"కూలనీ."

"నేనేం చూళ్ళా," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెంకటాచలం అనే పేరు ఆ పుస్తకంలో చాలా చోట్ల ఉంది. ప్రెస్సు పెట్టింది ఆయనే, అక్కడ ఇస్సాక్ ముట్టుకోలేదు. పత్రిక నడిపింది ఆయనే, అక్కడా ముట్టుకోలేదు. కాఫీ క్లబ్బు కట్టించింది కూడా ఆయనే, కట్టించుకోనీ. సైన్యం, ఓడ, బస్రా, కంబళ్ళు, పతకం, ఈ మాటల పక్కన ఎక్కడ ఆ పేరుందో అక్కడ చెరిపాడు. పదకొండు చోట్లు. ముందున్న 'శ్రీ'ని ఉంచాడు, వెనకున్న 'గారు'ని ఉంచాడు. దేవసహాయాన్ని బతికుండగా ఆ ప్రెస్సులో ఎవరూ శ్రీ అనలేదు, గారు అనలేదు. 'ఒరే' అనేవాళ్ళు. ఇప్పుడుండనీ, ఆ రెండూ ఆయనకే అనుకున్నాడు. తాత ముట్టుకోని కాపీని మనవడు ముట్టుకున్నాడు. మధ్యాహ్నం మిషన్ ఎక్కించి మూడు వందల కాపీలూ తనే నడిపాడు.

శుక్రవారం సాయంత్రం పుస్తకాల అట్టపెట్టెలతో పాటు ఇస్సాక్ కూడా ఇస్తిరాహాకి వెళ్ళాడు. దించి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు, తోటలోని హాల్లో వెనక వరసలో గోడకానుకుని నిలబడ్డాడు. వంద మంది దాకా ఉన్నారు. వేదిక మీద వెంకటాచలం గారి ఫొటో, దాని కింద మఖమల్ గుడ్డ మీద పతకం. బాలామణి గారి చేత రిబ్బను విప్పించారు. చప్పట్లు కొట్టారు. విశ్వనాథం గారి కూతురు చరిత, కాలేజీ పిల్ల, మైకు ముందుకొచ్చి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టింది.

"పంతొమ్మిది వందల పదహారులో శ్రీ..." అని ఆగింది. మళ్ళీ చూసింది. "శ్రీ... గారు... నాన్నా, ఇక్కడ పేరు లేదు. ఖాళీగా ఉంది."

జనం గుసగుసలాడారు. విశ్వనాథం గారు పుస్తకం లాక్కుని పేజీలు తిప్పారు. ఒక ఖాళీ, ఇంకో ఖాళీ, మళ్ళీ ఇంకోటి. తలెత్తి చూసేసరికి వెనక గోడ దగ్గర ఇస్సాక్ కనిపించాడు.

"ఏరా! ఏం చేశావురా ఇది?"

"పేరు తీసేశానండి," అన్నాడు ఇస్సాక్. గొంతు హాలంతా వినిపించింది. "యుద్ధానికి పోనివాడి పేరు తీసేశాను. పోయినవాడి పేరు ఆ పతకం అంచు మీదే ఉంది. కళ్ళున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూసుకోండి."

"నోర్ముయ్! సంతకం పెట్టిన ప్రూఫుని మారుస్తావా? రేపీపాటికి నీకు ఖురూజ్ పడకపోతే నా పేరు విశ్వనాథమే కాదు!"

"కొట్టించండి. మా తాత మీ కాపీ ఉన్నది ఉన్నట్టు కట్టాడండి, తన బతుకు మీ పేరున తనే కట్టాడు. నేను కట్టను. తొమ్మిదేళ్ళప్పుడు గోడకుర్చీ వేశాను ఈ పతకానికి. ఆయన్ని అబద్ధాలకోరువి అన్నాను. నా చేత అనిపించారు మీరు! ఇంక ఏం కొట్టిస్తారో కొట్టించుకోండి!" కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఎవరో ఇద్దరు వచ్చి అతని రెక్కలు పట్టుకుని తలుపు వైపు లాగారు.

"వదలండి అతన్ని."

మైకులో వినిపించింది. బాలామణి గారు కుర్చీలోంచి లేచి మనవరాలి భుజం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మా, నువ్వు కూర్చో," అన్నారు విశ్వనాథం గారు.

"అరవై నాలుగేళ్ళు కూర్చున్నానురా," అన్నారావిడ. "చరితా, పెన్నివ్వవే."

పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకున్నారు. 'శ్రీ'కీ 'గారు'కీ మధ్య తెల్లటి చోట్లో మెల్లగా, పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. మనవరాలి చేతికిచ్చి, "చదువు," అన్నారు.

చరిత తండ్రి కేసి చూసింది, నాయనమ్మ కేసి చూసింది. "పంతొమ్మిది వందల పదహారులో శ్రీ దేవసహాయం గారు అచ్చుకూటాన్ని విడిచి, చక్రవర్తి సైన్యంలో చేరి, ఓడలో బస్రాకు వెళ్ళారు."

ఇస్సాక్ రెక్కలు పట్టుకున్నవాళ్ళు ఎప్పుడు వదిలేశారో వాళ్ళకే తెలియదు.

"ఆ పతకం తీసి అతనికివ్వు విశ్వం," అన్నారు బాలామణి గారు. విశ్వనాథం గారు కదల్లేదు. ఆవిడ వెనక వరస కేసి తిరిగారు. "చాలునా నాయనా?"

"చాలదమ్మా," అన్నాడు ఇస్సాక్. "పతకం సంగతి తర్వాత. ఇంకా పది చోట్లున్నాయి, రాయండి. అదయ్యాక రెండు వందల తొంభై తొమ్మిది కాపీలున్నాయి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కూర్చుని, పేజీ తిప్పారు.